ఏడెనిమిదుల దుప్పటి

పొడి గది, తలుపు పక్క బల్ల
బుధవారం, టీ వేళ

వదినకు,

బాగున్నానని రాసి, నాలుగు వరసలయ్యాక కాదని చెప్పడం ఎందుకని నేరుగా అసలు సంగతికే వస్తున్నాను. నా కుర్చీకి ముప్పొచ్చింది. కంగారు పడకు, నాకేం కాలేదు, మోకాళ్ళు ఎప్పటిలాగే ఉన్నాయి. అన్నయ్య దగ్గు ఎలా ఉంది? మెట్లు దిగేటప్పుడు కమ్మీ పట్టుకుంటున్నావా? కిందటి ఉత్తరంలో ఆ మాట రాయలేదు. రాయలేదంటే పట్టుకోవడం లేదనే అనుకున్నాను. రెండు రోజులు తిండి సయించలేదు.

మా ఆసుపత్రి బట్టల గదికి కొత్త ఆఫీసరు వచ్చాడు. నీకు తెలిసిందేగా, ఇరవై ఆరేళ్ళుగా నేను ఈ పొడి గదిలో బల్ల దగ్గరే కూర్చుంటున్నాను. పొద్దున్నే వార్డుల నుంచి మాసిన దుప్పట్లు మూటలుగా వస్తాయి. లెక్కపెట్టి తీసుకుని పుస్తకంలో రాస్తాను. అవి వెనక తడి గదిలోకి వెళ్ళి, ఉతికి, ఆరి, ఇస్త్రీ అయి మర్నాడు మళ్ళీ నా బల్ల మీదికే వస్తాయి. మళ్ళీ లెక్కపెట్టి వార్డులకి ఇస్తాను. నా లెక్కంటే ఏముంది, దుప్పటికొక గీత, గోడ మీద సుద్దతో. ఇన్నేళ్ళలో ఒక్క దుప్పటి తేడా రాలేదు.

ఈయన రాగానే గోడలకి రంగు వేయించాడు. "అమ్మా, గీతలు ఇక వద్దు. మూటకి ఎనిమిదే కట్టమని వార్డులన్నిటికీ చెప్పాను. ఎన్ని మూటలో చూసి, ఎక్కం చెప్పుకుని, మొత్తం రాసెయ్యండి. చిటికెలో పని" అన్నాడు. ఎక్కాలు రావు సార్ అన్నాను. "ఎందాకా వచ్చు?" అన్నాడు. ఐదు దాకా అన్నాను. అదీ అబద్ధమే వదినా. నాలుగు దాకానే వచ్చు, ఐదు గడియారం చూసి చెబుతాను.

మూడు నెలల్లో పది దాకా అప్పజెప్పాలట. అప్పజెప్పలేకపోతే తడి గదికి పంపిస్తాడట. అక్కడ చీలమండల దాకా నీళ్ళు, రోజంతా నిలబడే పని. నా మోకాళ్ళు వారం ఆగవు. ఆగకపోతే మానేసి ఇంట్లో కూర్చోవాలి. కోడలు మంచిదే, నన్నేమీ అనదు. కానీ ఊరికే కూర్చుంటే నాకు తోచినవన్నీ నిజమైపోతాయని భయం.

మన ఇంట్లో, మన తరంలో, ఎనిమిదో తరగతి దాకా చదివింది నువ్వొక్కదానివే. ఆరు నుంచి ఒక్కో ఎక్కం కాగితం మీద రాసి పంపు. ఫోనులో వద్దు. కోడలు వింటే "ఈ వయసులో ఎక్కాలేంటి అత్తయ్యా" అని నవ్వుతుంది. నవ్వినా పరవాలేదు, నవ్వాక నేనే నేర్పిస్తానంటుంది, అదీ ప్రమాదం. ఒక్క పూటలో అన్నీ చెప్పేసి, రాలేదేమని అడిగే రకం.

స్టాంపు అంటుకుందో లేదోనని దాని మీద ఇంకాస్త జిగురు రాశాను. ఎక్కువైతే ఏమవుతుందో తెలియదు.

నీ మరదలు

*

వంటింటి కిటికీ దగ్గర
సోమవారం

మరదలా,

కమ్మీ పట్టుకునే దిగుతున్నాను. మీ అన్నయ్య దగ్గు తగ్గింది, ఇప్పుడు సణుగుడు ఎక్కువైంది. నువ్వు తిండి మానేస్తే మా మెట్లేమీ తగ్గవు కాబట్టి వేళకి తిను.

ఎక్కాలకి ఇంత గోలేమిటి. చిన్నపిల్లలు ఆడుతూ పాడుతూ నేర్చుకుంటారు. ఆరో ఎక్కం వెనక వైపు రాశాను. రోజుకి మూడు వరసలు, పైకి అను. మనసులో అనుకుంటే మనసు ఇంకెటో పోతుంది, నీ మనసైతే మరీను.

ఏడోది వెంటనే పంపమని రాయకు. ఒకేసారి పంపితే రెండూ కలిసిపోతాయి. నాకు కూడా సాయంత్రం ఐదు దాటాక గానీ వీలు చిక్కదు.

మీ అన్నయ్య నీ ఉత్తరం విని "అడగాల్సిన మనిషినే అడిగింది" అన్నారు. కింద వాటావాళ్ళకి కూడా చెప్పొచ్చారు, మా ఆవిడ ఉత్తరాల మీద పాఠాలు చెబుతోందని. ఆయన నోటికి తాళం ఎక్కడ దొరుకుతుందో చూడు.

మీ వదిన

*

పొడి గది
గురువారం

వదినకు,

ఆరు వచ్చేసింది. నిజంగా వచ్చేసింది. బస్సులో అన్నాను, కుళాయి దగ్గర అన్నాను, కూరగాయల వాడు ఎంతిమ్మంటారంటే ఆరైదులు ముప్పై అన్నాను. వాడు ముప్పై ఏంటమ్మా అని నా మొహం చూశాడు.

ఇస్త్రీ గది ఆవిడ తొంగిచూసి "ఏం గొణుగుతున్నావక్కా, జపమా?" అంది.

"జపమే."

"ఏ దేవుడికి?"

"ఆఫీసరుకి" అన్నాను. పైట అడ్డం పెట్టుకుని నవ్వింది. తనకేం, ఇస్త్రీ పెట్టెకి ఎక్కాలతో పని లేదు.

ఆరు మూటలొచ్చిన రోజున ఆరెనిమిదులు నలభై ఎనిమిది అని రాసేశాను. మనసు ఊరుకోక, ఆయన అటు వెళ్ళాక బల్ల కింద కాగితం మీద గీతలు పెట్టి సరిచూశాను. నలభై ఎనిమిదే. వదినా, ఏమీ లెక్కపెట్టకుండానే లెక్క సరిపోయింది. నాకు సంతోషం కంటే ముందు భయమేసింది, ఎవరో నా వెనక నిలబడి చెప్పినట్టుగా.

కానీ సోమవారం, గురువారం మేడ మీద వార్డు మూట కూడా వస్తుంది. అప్పుడు ఏడవుతాయి. ఏడు నాకు రాదు కదా. ఆ రెండు రోజులూ చాటుగా గీతలు పెడుతున్నాను. మొన్న సోమవారం ఆయన చూసినంత పని చేశాడు. ఏడోది తొందరగా పంపు. తొందరపెడుతున్నానని అనుకోకు. అనుకున్నా పంపు.

మీ కింద వాటా నీళ్ళ మోటారు షాకు కొడుతోందని ఆ మధ్య అన్నావు, బాగు చేయించారా? తడి చేత్తో ముట్టుకోకు.

నీ మరదలు

*

వంటింటి కిటికీ దగ్గర
శనివారం

మరదలా,

ఇదిగో ఏడు. ఇదొక్కటీ వస్తే మిగతావి లొంగుతాయి.

ఏడొకట్ల ఏడు
ఏడు రెళ్ళు పద్నాలుగు
ఏడు మూళ్ళు ఇరవై ఒకటి
ఏడు నాలుగులు ఇరవై ఎనిమిది
ఏడైదులు ముప్పై ఐదు
ఏడారులు నలభై రెండు
ఏడేళ్ళు నలభై తొమ్మిది
ఏడెనిమిదులు యాభై ఐదు
ఏడు తొమ్మిదులు అరవై మూడు
ఏడు పదులు డెబ్బై

నీకు కావలసింది ఎనిమిదో వరస కాబట్టి అది ముందు పట్టుకో. ఇక చాటు గీతలు మానెయ్. నేర్చుకున్నదాన్ని నమ్మకపోతే నేర్చుకోవడం దేనికి. మోటారు బాగు చేయించారు, కానీ చప్పుడు రెట్టింపైంది. అది మొదలైతే ఇంట్లో ఒకరి మాట ఒకరికి వినపడదు.

మీ వదిన

*

పొడి గది, బీరువాకి చేరబడి
మంగళవారం

వదినకు,

చాన్నాళ్ళకి రాస్తున్నాను. ఎందుకంటే ఒక సంగతి రాయాలా వద్దా అని మూడు వారాలు ఊగిసలాడాను. రాయకపోతే నిద్ర పట్టడం లేదు, రాస్తే నీకు నిద్ర పట్టదేమోనని.

ఇక్కడ ఒక దుప్పటి ఎక్కువొస్తోంది.

నువ్వు చెప్పినట్టే గీతలు మానేశాను. ఏడు మూటలు వచ్చాయి, ఏడెనిమిదులు యాభై ఐదు అని రాశాను. ఉతికి వచ్చాక దొంతర పెడుతూ ఒక్కొక్కటే లెక్కపెడితే యాభై ఆరు. మళ్ళీ పెట్టాను, యాభై ఆరే. పుస్తకంలో లేని దుప్పటి ఎక్కడిది? ఇచ్చేటప్పుడు కింది వార్డు నుంచి మొదలుపెట్టి ఎనిమిదేసి ఇచ్చుకుంటూ పోయాను. పుస్తకం ప్రకారం యాభై ఐదే ఇవ్వాలి కాబట్టి చివరి మూటకి, అంటే మేడ మీద వార్డుకి, ఏడొచ్చాయి. మిగిలింది మడతపెట్టి బీరువాలో దాచాను. ఎవరిదో వాళ్ళే వస్తారు కదా అని.

ఎవరూ రాలేదు. మళ్ళీ గురువారం ఇంకోటి. మళ్ళీ సోమవారం ఇంకోటి. ఏడు మూటల రోజునే వస్తోంది. ఇప్పటికి ఆరయ్యాయి. దుప్పటి మిగిలిన రోజున పుస్తకం అంచున చిన్న చుక్క పెట్టుకుంటున్నాను, నాకే గుర్తుండాలని.

మేడ మీద వార్డు సిస్టరు దిగి వచ్చి పోట్లాడింది. "నేను ఎనిమిది పంపితే ఏడు పంపుతారేంటి? మొన్న ఒక పెద్దాయనకి సగం మంచానికే దుప్పటి పరిచాను" అంది.

"మీరు ఏడే పంపుంటారు సిస్టర్. ఏడెనిమిదులు యాభై ఐదు, పుస్తకం చూసుకోండి" అన్నాను.

"ఆ ఏడులూ ఎనిమిదులూ నాకెందుకు. నా దుప్పటి నాకివ్వండి."

బీరువాలో ఉన్నది తీసిచ్చేద్దామని చెయ్యి తలుపు దాకా వెళ్ళింది. కానీ పుస్తకంలో లేనిదాన్ని ఇస్తే అది దొంగ లెక్క అవదూ? నాకు తోస్తున్నదేమిటంటే, నన్ను ఇరికించడానికి ఎవరో మూటలో ఒకటి వేస్తున్నారు. తడి గదిలో ఒకామెకి నా కుర్చీ మీద కన్నుంది. పాపం, ఆమె మంచిదే. కానీ కన్నుంది.

ఎనిమిదో ఎక్కం ఇంకా రాలేదు. ఒంట్లో బాగానే ఉందా?

నీ మరదలు

*

వంటింటి కిటికీ దగ్గర
ఆదివారం

మరదలా,

ఎనిమిదో ఎక్కం వెనక వైపు ఉంది.

ఎవరి మీదా అనుమానం పెట్టుకోకు. కన్నున్నంత మాత్రాన దుప్పట్లు వేయరు. అవి పాడవకుండా చూడు, ఎవరికీ ఇవ్వకు, ఎవరితోనూ అనకు.

ఏడో ఎక్కం కాగితం ఎలా ఉంది? నలిగిందా, చిరిగిందా? చిరిగితే చెప్పు, మళ్ళీ శుభ్రంగా రాసి పంపుతాను. చిరక్కపోయినా పంపమంటే పంపుతాను.

మీ వదిన

*

పొడి గది
శుక్రవారం

వదినకు,

కాగితం చిరగలేదు. బీరువా తలుపు లోపల అంటించి పైన ప్లాస్టిక్ కవరు కూడా వేశాను, నా తరవాత కూడా ఉంటుంది. నువ్వు మాత్రం ఈసారి నాలుగే ముక్కలు రాశావు. కోపమొచ్చిందా? అన్నయ్య ఏమైనా అన్నాడా?

ఎనిమిది నేర్చుకుంటున్నాను. ఒక చోట ఆగిపోయాను. ఎనిమిదేళ్ళు యాభై ఆరు అని రాశావు. ఏడెనిమిదులేమో యాభై ఐదు. మొదట కలం జారిందేమో అనుకున్నాను, తరవాత ఆలోచిస్తే సబబుగానే ఉంది. ఏడు మూటల్లో ఎనిమిదేసి ఉంటే యాభై ఐదు. ఎనిమిది మూటల్లో ఏడేసి ఉంటే యాభై ఆరు. మూట ఒకటి పెరిగింది కాబట్టి ఒకటి ఎక్కువ రావాలి కదా. మూట కట్టిన గుడ్డని కూడా లెక్కేస్తారేమో. చదువుకోలేదు కాబట్టి ఇన్నాళ్ళూ ఇలాంటివి తెలియలేదు.

అలా అయితే మరి నా దుప్పట్లు ఏ లెక్కలోవి? మూటలేమో ఏడు, దుప్పట్లేమో ఎనిమిది మూటల లెక్కకి వస్తున్నాయి. తొమ్మిదయ్యాయి ఇప్పటికి. బీరువా తలుపు తీస్తే నా మీదికి వంగి చూస్తున్నట్టు ఉంటున్నాయి. సిస్టరు ఆఫీసరుకి కాగితం పెడతానంటోంది. ఏడెనిమిదులూ ఎనిమిదేళ్ళూ వేరు వేరేనా, ఒక్క ముక్క రాయి. నువ్వు రాస్తే అదే పట్టుకుని కూర్చుంటాను.

పరీక్షకి ఇంకా నెల కూడా లేదు.

నీ మరదలు

*

ముందు గది
మంగళవారం

మరదలా,

నీ ఉత్తరం అందింది. మీ అన్నయ్య పక్కనే కూర్చున్నారు, నేను రాసింది రాసినట్టు పైకి చదివించుకుంటున్నారు. ఇక్కడ అందరూ బాగున్నాం. నువ్వు అడిగిన దానికి వీలు చూసుకుని విడిగా రాస్తాను.

ఈలోగా చాటుగా గీతలు పెట్టుకున్నా తప్పులేదు.

మీ వదిన

*

తడి గది, గట్టు మీద
గురువారం

వదినకు,

చిరునామా చూసి భయపడకు. గట్టు పొడిగానే ఉంది.

నువ్వు విడిగా రాస్తానన్నది వచ్చేలోపే అంతా అయిపోయింది. సిస్టరు కాగితం పెట్టింది. ఆఫీసరు వచ్చి బీరువా తీయమన్నాడు. తాళంచెవి నడుముకే ఉంది, అయినా దొరకలేదు, ఇస్త్రీ గది ఆవిడ తీసిచ్చింది. పదకొండు దుప్పట్లు, ఇస్త్రీ మడత నలగకుండా ఉన్నాయి. ఆయన దొంగ అన్న మాట అనలేదు. అనకుండా వాటిని చూస్తూ నిలబడ్డాడు, అదే ఎక్కువైంది.

"ఇవేంటమ్మా?"

"ఎక్కువొచ్చినవి సార్."

"దుప్పట్లు ఎక్కువెలా వస్తాయి?"

"అదే నాకూ తెలియదు సార్" అని పుస్తకం తీసి చుక్కలు చూపించాను. ఒక్కొక్కటే వేలితో తడిమాడు. పదకొండు చుక్కలు. అన్నీ సోమవారాలు, గురువారాలు. అన్నిటి పక్కనా ఏడు, యాభై ఐదు.

"ఏడెనిమిదులు ఎంతమ్మా?" అన్నాడు.

"యాభై ఐదు."

"మళ్ళీ చెప్పండి."

"ఏడేళ్ళు నలభై తొమ్మిది, ఏడెనిమిదులు యాభై ఐదు" అన్నాను. గట్టిగానే అన్నాను వదినా, తెలిసినది కదా.

ఆ పొద్దున వచ్చిన ఏడు మూటలూ విప్పించి నేల మీద పరిపించాడు. నేను లెక్కపెట్టాను, సిస్టరు లెక్కపెట్టింది, ఆయన లెక్కపెట్టాడు. ముగ్గురికీ యాభై ఆరే. సిస్టరు దాచిన పదకొండూ రెండు చేతుల్లోకి ఎత్తుకుని, "నా మాట అప్పుడే విని ఉంటే" అని మేడెక్కి వెళ్ళిపోయింది.

"ఎవరు నేర్పారు మీకిది?" అని అడిగాడు ఆయన.

ఎవరూ లేరు సార్, నేనే తప్పుగా బట్టీపట్టాను అన్నాను. బీరువా తలుపు మూసి దానికి ఆనుకుని నిలబడ్డాను, లోపలి కాగితం ఆయన కంట పడకుండా. పరీక్ష రోజు దాకా తడి గదిలో చేయమన్నాడు. ఆ రోజు సరిగ్గా చెబితే మళ్ళీ కుర్చీ, చెప్పకపోతే ఇక్కడే.

నీ పేరు ఎందుకు చెప్పలేదంటే, మన ఇంట్లో చదువుకున్న మనిషివి నువ్వొక్కదానివే. ఆ మాటని తీసుకెళ్ళి నలుగురిలో ఎలా పడేస్తాను. మనిషన్నాక కలం జారదా. యాభై ఆరు రాయబోయి ఐదు రాసి ఉంటావు.

మోకాళ్ళు పరవాలేదు. ఎడమది కాస్త.

నీ మరదలు

*

మేడ మెట్ల మీద
శనివారం

మరదలా,

మీ అన్నయ్య కంట పడకుండా రాద్దామని మెట్ల మీద కూర్చున్నాను. కలం జారలేదు. జారిందని నువ్వు రాసినందుకు రెండు రోజులుగా నీ ఉత్తరం మళ్ళీ తీసి చూడలేకపోతున్నాను.

నేను ఎనిమిదో తరగతి చదవలేదు. మూడో తరగతిలో మానేశాను. నన్ను చూసుకోవడానికి మీ వాళ్ళు వచ్చినప్పుడు మా నాన్న నోటికొచ్చిన అంకె చెప్పాడు. అది ఎనిమిది. తలొంచుకుని ఊరుకున్నాను. ఆ తరవాత మీ అన్నయ్య ఊరందరికీ చెప్పుకున్నారు, ఇక ఎక్కడ ఆపను? నలభై రెండేళ్ళుగా ఎవరైనా లెక్క అడిగితే పొయ్యి మీద ఏదో మాడుతోందని లోపలికి పోతున్నాను. మా వంటింట్లో అన్నీ మాడతాయని నువ్వు వెక్కిరించేదానివి.

నువ్వు ఉత్తరంలో ఎక్కాలు అడిగేసరికి అలా లోపలికి పోయే వీలు లేకపోయింది. మా వంటింటి గోడ అవతల ట్యూషను మాస్టారి వాటా. సాయంత్రం ఐదింటికి పిల్లలు ఎక్కాలు పైకి చెబుతారు. గోడకి చెవి ఆనించి రాసుకుని నీకు పంపాను. వాళ్ళు నేర్చుకుంటే నేను నేర్చుకున్నాను, నేను నేర్చుకుంటే నువ్వు. అందుకే నీకు ఒక్కోటీ వారాలు పట్టింది.

ఏడో ఎక్కం రోజున సరిగ్గా ఏడేళ్ళు నలభై తొమ్మిది అనగానే కింద నీళ్ళ మోటారు వేశారు. అది ఆగేసరికి అరవై మూడు దగ్గరున్నారు. మధ్య వరస పోయింది. మర్నాటి నుంచి పిల్లలకి సెలవులు, మళ్ళీ మొదలుపెట్టేసరికి ఎనిమిదిలోకి వెళ్ళిపోయారు. నలభై తొమ్మిదికి ఏడు కలుపుకుంటే సరిపోతుంది కదా అని వేళ్ళు మడిచాను. మొదటి వేలు మడుస్తూ యాభై అనాలి, నేను నలభై తొమ్మిది అన్నాను. ఏడో వేలికి యాభై ఐదైంది. నువ్వు చుక్కలు పెట్టుకున్నదంతా నా ఒక్క వేలు.

ఇంతవరకూ అయితే తెలియక చేశాను. ఎనిమిదో ఎక్కంలో యాభై ఆరు వినగానే నాకు తెలిసిపోయింది. అయినా నీకు రాయలేదు. కాగితం చిరిగిందా అని అడిగాను. చిరిగి ఉంటే కొత్తదాంట్లో సరిచేసి పంపి, ఏమీ ఎరగనట్టు ఉండేదాన్ని. నా ఎనిమిదో తరగతి కోసం నిన్ను నీళ్ళలో నిలబెట్టాను.

నిన్న మీ అన్నయ్యకి చెప్పేశాను. నమ్మలేదు. "ఎంత చదివితే అంత వినయం" అన్నారు. ఆయనతో ఏం చెయ్యను. మీ ఆఫీసరుకి నేనే ఒక ఉత్తరం రాసి, తప్పు నాదని ఒప్పుకుంటాను. చిరునామా పంపు.

తొమ్మిదో ఎక్కం పంపడానికి నాకు ముఖం లేదు. ఎవరైనా తెలిసినవాళ్ళని అడుగు.

మీ వదిన

*

పొడి గది
సోమవారం

వదినకు,

పైన ఏ గది రాశానో చూశావుగా. ముందు అది చూస్తే నీ గాబరా తగ్గుతుందని పెద్ద అక్షరాలతో రాశాను.

నీ ఉత్తరం తడి గదిలోనే చదివాను. కోపం రాలేదని అబద్ధం చెప్పను. ఆ పూటంతా వచ్చింది. సగం మంచానికి దుప్పటి పరచుకున్న ఆ పెద్దాయన గుర్తొచ్చి మరీ వచ్చింది. సాయంత్రం ఆయన ఎవరో కనుక్కుందామని మేడ మీదికి వెళ్ళాను. బాగై ఇంటికి వెళ్ళిపోయాడని సిస్టరు చెప్పింది. దిగి వచ్చేసరికి కోపం సగానికి వచ్చింది. మిగతా సగానికి ఏం చెయ్యాలో తెలియక, ఆరేసిన దుప్పట్లు తియ్యడానికి వెళ్ళాను.

అక్కడ చూశాను వదినా. ఎనిమిది తాళ్ళు కట్టి ఉన్నాయి, తాడుకి ఏడు చొప్పున ఆరేసి ఉన్నాయి. ఎనిమిదేళ్ళు యాభై ఆరు. అవతలి వైపు నుంచి తీద్దామని పక్కకి వెళ్ళాను. అక్కణ్ణుంచి చూస్తే ఏడు వరసలు, వరసకి ఎనిమిది. అవే దుప్పట్లు. ఎవరూ ఒకటి వేయలేదు, ఒకటి తీయలేదు. నేను నిలబడిన చోటు మారిందంతే. అటూ ఇటూ నాలుగుసార్లు తిరిగి చూశాను. తడి గది ఆమె, అదే, నా కుర్చీ మీద కన్నుందన్నానే, ఆమె "ఏం పోయిందక్కా?" అంది. ఏమీ పోలేదు అన్నాను. నాతోపాటు తనూ తీసింది. ఆమె గురించి అలా అనుకోకుండా ఉండాల్సింది.

తెలియడం వేరు, నాలుక వినడం వేరు. ఏడెనిమిదులు అనగానే యాభై ఐదు దానంతటది వచ్చేస్తోంది. నేర్చుకోవడానికి మూడు రోజులు పట్టింది, మరవడానికి పదిహేను రోజులూ చాల్లేదు. పరీక్ష నాటికి కూడా నోట్లోనే ఉంది.

ఇవాళ పిలిచాడు. అటూ ఇటూ మార్చి అడిగాడు. ఆరు తొమ్మిదులన్నాడు, యాభై నాలుగన్నాను. ఎనిమిది నాలుగులన్నాడు, ముప్పై రెండన్నాను. తరవాత పుస్తకం మూసి ఏడెనిమిదులు అన్నాడు. నోరు తెరిస్తే యాభై ఐదు దూకేలా ఉంది. పెదవులు బిగబట్టి, ఆ తాళ్ళ చుట్టూ తిరిగి అవతలి వైపుకి వెళ్ళాను.

"ఎనిమిదేళ్ళు యాభై ఆరు" అన్నాను.

"నేనడిగింది ఏడెనిమిదులమ్మా."

"అదే సార్. నేను అటు నుంచి వచ్చాను."

ఆయన కాగితం మీద కలంతో ఒక టిక్కు పెట్టాడు. తరవాత "ఎటు నుంచి వచ్చినా పరవాలేదు, అక్కడికే రండి" అన్నాడు. ఇక తొమ్మిదో ఎక్కం చెప్పమన్నాడు.

"తొమ్మిది ఇంకా రాలేదు సార్."

"రాలేదంటే? ఎక్కణ్ణుంచి రావాలి?"

"మా వదిన దగ్గర్నుంచి."

ఇస్త్రీ గది ఆవిడ గుమ్మంలో నిలబడి పైట నోటికి అడ్డం పెట్టుకుంది. ఆయన గడియారం చూసుకుని, మిగిలినవి వచ్చే శుక్రవారం వింటాను, వెళ్ళి కూర్చోండి అన్నాడు. ఎక్కడ సార్ అన్నాను. "మీ కుర్చీలో" అన్నాడు. నెల దాకా నా లెక్క ఇంకొకరు సరిచూస్తారట. చూడనీ. నాకూ అదే నయం.

ఆఫీసరుకి నువ్వేమీ రాయనక్కరలేదు. చిరునామా పంపను. మూడో తరగతని రాశావు. నేను రెండులో మానేశాను కాబట్టి మన ఇద్దరిలో ఎక్కువ చదివింది ఇప్పటికీ నువ్వే. ఇంకెవరిని అడగను?

తొమ్మిదీ పదీ గురువారం లోపు అందాలి. గోడకి చెవి పెట్టద్దు, మోటారు వేసే వేళ కూడా చూసుకోవద్దు. చీర మార్చుకుని, కమ్మీ పట్టుకుని మెట్లు దిగి, అటు వైపు మెట్లెక్కి, పక్క వాటా తలుపు తట్టి, మాస్టారూ నాకు ఎక్కాలు కావాలని అడుగు. ఆయన ఏమనుకుంటాడో, పిల్లలు నవ్వుతారేమో, కింద వాటావాళ్ళు చూస్తారేమో అని నువ్వు భయపడకు. అవన్నీ ఇక్కడ నేను భయపడుతూ కూర్చుంటాను.

నీ మరదలు